మేమే కాళ్ళూ చేతులూ

ముందు ఎడమ కాలికి. మోకాలి దగ్గర బెల్టు పూర్తిగా బిగించకూడదు, ఒక వేలు దూరేంత వదులుండాలి. తర్వాత కుడి కాలికి. పొద్దున్నే నిలబడటానికి కాళ్ళకు ఇనప కాలిపర్లు తొడుక్కోవడం నాకు జడ వేసుకోవడంలాంటి పనే. చెప్పేది నేను, బిగించేది వరమ్మక్క. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు సాయానికి మనిషి కోసం నలుగురితో మాట్లాడాను. ముగ్గురు మా అమ్మ వైపు తిరిగి, "పాపకి ఏమేం చెయ్యాలండీ?" అనడిగారు. వరమ్మక్క మాత్రం నా వైపు తిరిగి, "ఎలా పట్టుకోమంటారండీ?" అంది. పట్టుకోవద్దన్నాను. అప్పటి నుంచీ పట్టుకోదు. చెయ్యి చాపి నిలబడుతుంది. నేను పట్టుకుని లేస్తాను.

పెళ్ళయ్యాక ఆమెను వెంటబెట్టుకునే తాడేపల్లిగూడెం వచ్చాను. ఆ మొదటి డెబ్భై రోజులూ ఎంత బాగున్నాయో చెప్తే నవ్వుతారు. మా ఆయన ఎడ్విన్ ఉంగుటూరు దగ్గర రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాడు. సాయంత్రం తవుడు వాసనతో వచ్చి, గుమ్మంలో నిలబడి, "పెర్సిస్ గారున్నారాండీ? పార్సిలొచ్చింది" అనేవాడు. పార్సిలంటే పుణుగులు. దారిలో రెండు తినేశానని తనే ఒప్పుకునేవాడు. పొద్దున వరమ్మక్కతో ఆటోలో కాలేజీకి ఉద్యోగానికి వెళ్ళి, లైబ్రరీలో కొత్త పుస్తకాలకు ముద్రలు వేసేదాన్ని. ముద్ర వంకర లేకుండా పడితే ఆ రోజంతా సంతోషంగా ఉండేది. ఇంతకన్నా ఏం కావాలి అనుకునేదాన్ని, నిజంగానే.

మా అత్తయ్య ఎలిజబెత్ మాత్రం అప్పుడప్పుడు, "ఇంట్లో ఇంతమందిమి ఉండగా పరాయి మనిషి చేత చేయించుకోవడం ఏంటమ్మా? చర్చిలో ఏవనుకుంటారు?" అనేది. అది ప్రేమే అనుకున్నాను. "అమ్మకి నువ్వంటే ప్రాణం పెర్సీ," అని ఎడ్విన్ కూడా మురిసిపోయేవాడు.

ఓ శుక్రవారం సాయంత్రం చర్చివాళ్ళ గృహ కూడిక, వారానికో ఇంట్లో పెట్టుకునే ప్రార్థన, మా ఇంట్లో జరిగింది. పాటలయ్యాక సాక్ష్యాలు, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే చెప్పడం. అత్తయ్య లేచి, పాస్టరు అహరోను అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, ప్రభువు మా అబ్బాయి మీద ఒక బాధ్యత పెట్టాడు. మేం దాన్ని జీతం మనిషికి వదిలేశాం. నా మనసు గద్దించిందండీ. రేపటి నుంచి మా కోడలికి మేమే కాళ్ళూ చేతులూ. దేవుడి ఎదుట మాటిస్తున్నాను."

"స్తోత్రం," అన్నారందరూ. అయ్యగారి భార్య కళ్ళు తుడుచుకుంది. వంటింట్లో గ్లాసుల్లోకి టీ పోస్తున్న వరమ్మక్కా, నేనూ ఆ మాట ఒకేసారి విన్నాం. తెల్లారి ఆమె బస్సెక్కింది. వాళ్ళది కొల్లేటి ఊరు, ఆ ఏడాదే ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టించేసింది. ఊళ్ళో ఆమెకు చేసుకోవడానికి ఏ పనీ లేదు.

"నాకూ అప్పుడే తెలిసింది. దేవుడి ముందు ఇచ్చిన మాట, ఎలా కాదంటాం?" అన్నాడు ఎడ్విన్.

"నా ఒంటి గురించి ఇచ్చిన మాట కదండీ. నన్నడగలేదు."

"చేసేది అమ్మ. నువ్వు చెయ్యాల్సిందేం లేదుగా?"

నిజమే, నేను చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. అత్తయ్య కుడి కాలికి ముందు తొడుగుతుంది, బెల్టు ఊపిరాడనంత బిగిస్తుంది. వదులు చెయ్యమంటే, "పడిపోతావమ్మా, నాకు తెలుసు" అంటుంది. వెనక నుంచి చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతుంది. స్నానం ఆవిడ కూర దించాక. బాత్రూమ్ ఆవిడకు వీలైనప్పుడు. కాబట్టి నేను మంచినీళ్ళు మానేశాను, పొద్దున అరగ్లాసు తప్ప. కాలేజీ తొమ్మిదింటికి మొదలైతే నేను తయారయ్యేసరికి పదకొండయ్యేది. మూడో వారం అక్కణ్ణుంచి ఫోన్ వచ్చింది, ఇక రానవసరం లేదని, వేరే అమ్మాయిని తీసుకున్నామని. "పోన్లే తల్లీ, ఇంటిపట్టున హాయిగా ఉండు," అంది అత్తయ్య. ఆవిడ చెడ్డదైతే నాకు సులువయ్యేది. నడుం పట్టేసి రాత్రిళ్ళు మందు రాసుకుంటుంది, నాతో ఒక్క మాట అనదు. పక్కింటి కామాక్షి గారితో అంటుంది. "నెత్తికెత్తుకున్నాక మొయ్యాలి కదండీ." బాత్రూమ్‌లో స్టూలు మీద ఒళ్ళంతా సబ్బుతో కూర్చుని, ఆవిడ తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తూ నేనది విన్నాను. నురగ ఆరిపోయి చర్మం లాగుతోంది. పిలవలేదు. పిలిస్తే విన్నానని తెలుస్తుంది.

ఎడ్విన్ ఇంకా పుణుగులు తెస్తున్నాడు. "మొహం మొత్తిందా?" అంటాడు. తింటే దాహమేస్తుందని చెప్పాను. "దాహమేస్తే నీళ్ళు తాగొచ్చుగా పిచ్చీ," అని నవ్వాడు. ఆ నవ్వు కోసమే కదా పడి చచ్చాను అనుకున్నాను.

మళ్ళీ కూడిక మా ఇంటి వంతుకొచ్చింది. సాక్ష్యాల వేళ చెయ్యెత్తాను. అత్తయ్య మొహం విప్పారింది.

"నాకు వరమ్మక్క కావాలి," అన్నాను. "నన్ను ఎవరు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోవాలో నేను చెప్పుకుంటాను. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటాను. అత్తయ్యగారు దేవుడికిచ్చిన మాట ఆవిడది. నేనివ్వలేదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అహరోను అయ్యగారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి మనసు బాగా నలిగింది. తృప్తిగల మనసు ఇమ్మని అందరం అడుగుదాం. కళ్ళు మూసుకోండి."

నా తల మీద, భుజాల మీద చేతులు పడ్డాయి. ఏ చెయ్యి ఎవరిదో తెలియలేదు. అన్నీ బరువుగా, వెచ్చగా, దయగా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ చేతుల సందులోంచి చూస్తే, గదికి అటు చివర ఎడ్విన్ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తున్నాడు. నేనన్న ప్రతి మాటా అతనికి అర్థమైంది, ఆ చూపులో తెలుస్తోంది.

"ఏవండీ," అన్నాను.

అతను తల వంచి, కళ్ళు మూసుకున్నాడు.