కుంటిన రాణి

రిహార్సల్‌లో భవాని తోలుబొమ్మను చూడదు, దాన్ని ఆడించే చేతినే చూస్తుంది. అదేం చూపో! పట్నం నుంచి వచ్చిన ఈ డాన్సర్‌కు ఆ చేతితో ఏం పని? న్యాల్‌కల్ బొమ్మలాటగాడు రేవణసిద్ధప్పకు మొదటి రోజే అనుమానం పుట్టింది. జహీరాబాద్‌లో ఇద్దరూ కలిసి ప్రదర్శన ఇవ్వాలి. తెర మీద అతని రాణిబొమ్మ, తెర ముందు అదే రాణిగా భవాని.

"ఈ పిల్ల నా విద్యంత గుంజుకపోతది. జర ఆగు, దాని సంగతి చెప్త," అన్నాడు భార్య నాగమ్మతో.

మరునాటి నుంచి రాణిని కావాలనే కుంటించాడు. భవాని అలాగే కుంటడం నేర్చుకుంది. డైరెక్టర్‌కైతే కొత్తగా ఉందని తెగ నచ్చింది. రేవణసిద్ధప్ప మీసాల చాటున నవ్వుకున్నాడు.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. తెర వెనుక అతను రాణిని దర్జాగా నడిపించాడు. తెర ముందు భవాని కుంటింది. జనం ఘొల్లున నవ్వారు.

భవాని బెదరలేదు. కుంటుకుంటూనే తెర దగ్గరికొచ్చి, అతనికి మాత్రమే వినబడేలా అడిగింది.

"కాకా, రాణిని కుంటించిన ఆ చెయ్యి నొప్పి తగ్గిందా? తగ్గితే నేను గూడ మంచిగ నడుస్త."

రేవణసిద్ధప్ప చెయ్యి అప్పుడు నిజంగానే వణికింది. తెర మీద రాణి కుంటింది.