ఐదో గుమ్మం

మా అబ్బాయి నిరంజన్ ఆ ఆదివారం వచ్చింది కథల కోసం కాదు, గోంగూర కోసం. గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి బస్సు, ఆపైన మెట్రో, మొత్తం రెండు గంటల ప్రయాణం. అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌లో భోజనం కాగానే "అబ్ చల్తా హూఁ మమ్మీ" అని లేచాడు. నేను వదల్లేదు. "గంట కూర్చుంటే అరిగిపోవులే" అని దగ్గర్లోనే ఉన్న పద్మనాభం గారి క్వార్టర్‌కి లాక్కెళ్లాను.

నెలకో ఆదివారం అక్కడ పుస్తకాల పిచ్చివాళ్లం పదిమందిమి చేరతాం. పద్మనాభం గారు కేంద్ర ప్రభుత్వంలో అధికారి, రిటైర్మెంటుకి ఏడాది ఉంది. మా కబుర్లకి కూడా ఎజెండా కాగితం తీస్తారు. ఈసారి చిన్నప్పుడు విన్న రాకుమారుల కథల్లో అన్నిటికన్నా ఇష్టమైనది చెప్పాలి. పుస్తకం చూడకూడదు, ఫోను చూడకూడదు. వినేవాళ్లు ఊఁ కొట్టాలి. మొదలుపెట్టిన కథ చివరిదాకా చెప్పి తీరాలి.

ఆ ఆఖరి నిబంధన చదివిన రోజే నా గుండెల్లో రాయి పడింది. నాకిష్టమైన కథకు ముగింపు నాకే తెలియదు మరి.

అది మా అమ్మ చెప్పిన కథ. వేసవి సెలవుల్లో పిల్లలం ఎండలో తిరగకుండా మధ్యాహ్నం చాప మీద పడుకోబెట్టి చెప్పేది. ఏడు గుమ్మాల కోటలో రాకుమారి బందీ. గుమ్మానికో రాక్షసుడి కాపలా. లోపలికి పోవాలంటే అడిగింది ఇవ్వాలి. రాకుమారుడు గుర్రం, కత్తి, కిరీటం, చెప్పులు వరసగా ఇచ్చుకుంటూ పోతాడు. ఐదో గుమ్మం దగ్గర రాక్షసుడు, వాళ్లమ్మ కట్టిచ్చిన అన్నం మూట అడుగుతాడు. సరిగ్గా అక్కడికి నేను నిద్రపోయేదాన్ని. ప్రతిసారీ అంతే. లేచాక ధ్యాసంతా మామిడిపళ్ల మీదే గానీ, రాకుమారుడు ఏమయ్యాడని అడిగిన పాపాన పోలేదు.

నిరంజన్‌కూ అక్కడిదాకానే చెప్పాను. వాడూ నాలాగే నిద్రపోయేవాడు కాబట్టి గండం గడిచేది. ఎనిమిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం వాడికి నిద్ర రాలేదు. "తర్వాతేమైంది?" అన్నాడు. తెలియదని ఒప్పుకోవడం నాకు నామోషీ. దానికి ఆఫీసు చిరాకు ఒకటి తోడు. "ప్రశ్నలు చాలు, పడుకో" అని కసిరాను. వాడు గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత మళ్లీ కథ అడగలేదు. తెలుగులో జవాబివ్వడమూ మెల్లిగా మానేశాడు. ఆ రెండింటికీ సంబంధం లేదని మా ఆయన అంటారు. ఉందనే నేను పదకొండేళ్లుగా కుమిలిపోతున్నాను. అమ్మను అడుగుదామనుకుంటూనే రోజులు గడిపాను. మూడేళ్ల కిందట అమ్మే పోయింది.

సరే, ఈ ఆదివారం కోసం గత్యంతరం లేక ముగింపు నేనే అల్లాను. మూట ఇచ్చేస్తాడు, గుమ్మాలన్నీ తెరుచుకుంటాయి, పెళ్లి. ఆఫీసులో ఫైలు మూసినట్టు మూసేశాను.

గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తేజశ్రీ తన కథ ముగించాక నా వంతు వచ్చింది. బాగానే చెప్పాను. కూలర్ మోతను మించి ఊఁలు వినిపించాయి. ఐదో గుమ్మం దగ్గర ఆగిపోయాను. అంతమంది నమ్మకంగా నా మొహంలోకి చూస్తుంటే, అమ్మ కథకి నా అతుకు వేయడానికి మనసొప్పలేదు.

"గట్ల ఆపిన్రేంది ఆంటీ? మూట ఇచ్చిండా లేదా?" అంది తేజశ్రీ.

"నాకు తెలీదమ్మా. ఎప్పుడూ ఇక్కడే నిద్రపోయాను." సిగ్గుతో మొహం మండిపోయింది.

పద్మనాభం గారు ఎజెండా కాగితం పైకెత్తారు. "అలా కుదరదండీ ఉషగారూ. సగం కథ చెప్పి తప్పించుకుంటానంటే ఎలా?"

"నహీఁ దియా" అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది. నిరంజన్. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఎప్పుడు తీసేశాడో నేను చూడలేదు. "మూట ఇవ్వలేదు. రాక్షసుణ్ని అడిగాడు, నువ్వు తిన్నావా అని."

"ఊఁ" అన్నారు పద్మనాభం గారు, కాగితం దించేసి.

"వందేళ్ల నుంచి వాణ్ని ఎవరూ అలా అడగలేదంట. రోనే లగా, ఒకటే ఏడుపు. ఇద్దరూ కూర్చుని మూట విప్పారు. స్మెల్ వచ్చి ఆరోవాడు, ఏడోవాడు, వెనక నలుగురూ కూడా గేట్ ఛోడ్‌కే వచ్చేశారు. అందరికీ పెట్టాడు. ఇంక కాపలా ఎవరూ లేరు కదా, రాకుమారి తనే నడిచి బయటికి వచ్చేసింది. వచ్చి, నాకేదీ అంది. ఏక్ హీ ముద్ద మిగిలింది."

అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అది అమ్మ కథే, అనుమానం లేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించాక చివర్న గిన్నెలోకి చూసి "నాకేదీ" అనేది అమ్మే.

"నీకెవరు చెప్పార్రా?"

"అమ్మమ్మ. నువ్వు డాంట్ చేసి పడుకోమన్న రోజే ఫోన్ చేసి అడిగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసు, కానీ నాకు చెప్పడం నీకిష్టం లేదు అనుకున్నా." నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు నిద్రపోయినా అమ్మమ్మ రోజూ పూరా చెప్పేదంట కదా. సగంలో వదిలేస్తే రాకుమారుడు ఎండలో నిలబడిపోతాడని."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అమ్మ నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చుని చివరిదాకా చెప్పింది. నేను మేలుకుని అడిగిన పిల్లాణ్ని కసిరాను.

"నాకు నిజంగా తెలీదురా" అన్నాను, పదిమంది ముందే. "తెలీదని నీతో అనడానికి సిగ్గేసింది."

వాడు వచ్చి నా కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. "బస్, ఇంతేనా మమ్మీ?" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.