పైన్ చెట్టు పెట్టుకున్న మంకీ క్యాప్

నేను ఒక మంకీ క్యాప్‌ని. ఎర్ర ఊలుతో, నెత్తిన పచ్చ కుచ్చుతో నన్ను అల్లింది కాకినాడ కామేశ్వరమ్మ గారు. ఆవిడ భర్త సత్యప్రసాదు గారు వృక్షశాస్త్రజ్ఞుడు. బట్టతల. బట్టతలకి బట్ట కావాలి గదా అని నేను పుట్టాను. శ్రావణమాసపు తుంపరకే చెవులు మూసుకునే మనిషిని అటవీశాఖవాళ్ళు హిమాలయాల్లో ఓక్, పైన్, దేవదారు కలగలిసిన అడవికి పంపారు. నా మీద నమ్మకం చాలక ఆవిడా వెంట వెళ్ళింది.

ఆయనకొచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ అడవిలో ముసలి ఓకులున్నాయి గానీ పిల్ల ఓకుల్లేవు. మొలిచినదాన్ని మొలిచినట్టే పశువులూ జింకలూ భోంచేస్తున్నాయి. తనంతట తాను మొలిచిన ఓక్ మొక్క ఒక్కటైనా తనిఖీలో కనబడకపోతే ముసలివాటిని కొట్టేసి అంతా పైన్‌మయం చేస్తారట. మనిషి కుండీలో పెంచింది లెక్కలోకి రాదట. పాపం, ఆయన రాలిన ఆకుల కింద వెతుకుతూ వంగి వంగి ప్రశ్నార్థకమైపోయాడు.

అలా వంగిన పూట ఒక కొండముచ్చు నన్ను ఊడబెరికింది. పేరు చూసి తన సొత్తే అనుకుందేమో. తీరా తలకి పట్టక, పైన్ చెట్టు పైన, కొమ్మల పంగలో తలకిందులుగా ఇరికించి పోయింది. నన్ను చూసి ఒక జే పిట్ట సంబరపడింది. ఓక్ కాయలు దాచడం, దాచిన చోటు మరవడం ఆ పిట్ట వృత్తి. ఓక్ అడవులు నడిచేదే ఆ మతిమరుపు మీద. నా నిండా కాయలు కుక్కింది, మరిచింది. నాలో ఆకులు రాలి కుళ్ళాయి. మంచు కరిగింది. నేను మొలకెత్తాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఉదయభాస్కరరావు మన అనకాపల్లివాడే. నేలంతా వెతికి, ఏమీ లేదని తేల్చి, నిట్టూర్చి తలెత్తాడు. పైన్ చెట్టు మీద ఎర్ర టోపీ. టోపీలోంచి ఓక్ మొక్క. కాసేపటికి ఆయన చూపు, తుండు చుట్టుకున్న సత్యప్రసాదు గారి తల మీదికి దిగింది.

"ఇది మీ టోపీ కాదు గదండీ, మాస్టారూ? మీదైతే మరి కుండీ కిందే లెక్క."

అవునంటే అడవి పోతుంది. కాదందామంటే, అల్లినావిడ పక్కనే నిలబడి ఉంది. ఆయన తుండుని చెవుల మీదికి లాక్కున్నాడు.

కామేశ్వరమ్మ గారు నన్ను తేరిపార చూసింది. ఆ కుచ్చు ముడి ఎవరిదో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"మా ఆయనది కాదు నాయనా," అంది. "ఆ బుర్రకి తొడిగిన దేన్లోనూ ఇంతవరకూ ఏమీ మొలవలేదు."

అధికారి నవ్వకుండా రాసుకున్నాడు. ఓకులు నిలిచాయి. దింపితే మనిషి చెయ్యి పడ్డట్టవుతుందని నన్నెవరూ దింపలేదు. నా ఊలు చివికి పోగులు ఊడుతున్నాయి. ఊడినచోటల్లా ఓక్ వేరు దూరి నన్ను కుడుతోంది. నాకూ తనకూ ఏ సంబంధమూ లేదన్న ఆ ఇల్లాలు మాత్రం రోజూ చెట్టు కింద నిలబడి, కుట్టు వదులుగా పడుతోందని ఆ వేరుని చీవాట్లు పెడుతుంది.