ఎనిమిది లేని ఆట

జయరావు చేతిలోని గూడకొంగ మళ్లీ గెలిచింది. పొద్దుటి నుంచి ఇది ముప్పై ఒకటో ఆట. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న గురవమ్మ తన కార్డులు బల్ల మీద పడేసి, అవతల పెట్టెలకు చీటీలు అంటించే పని అట్లాగే ఉండిపోయిందని గొణిగింది.

తిరుపతిలో మునివెంకటప్ప అచ్చేయించే పక్షుల కార్డులకు బలం అంకెలు వేయడం జయరావు పని. యాభై ఏళ్లు దాటిన మనిషి. వంగిన వీపు, వేళ్ల కొసల్లో పెన్సిలు మసి. అరవై పక్షుల్లో ఏదీ దండగ కాకూడదు, ఏదీ మిగతావాటిని దండగ చేయకూడదు. పదకొండేళ్లుగా అతను కోరుకున్నది అంతే.

ఆటగాడి దగ్గర ఉండేవి మూడే చేపల కార్డులు. గూడకొంగను ఆటలోకి దించాలంటే మూడూ ఇచ్చెయ్యాలి. బలం ఏడైతే అంత ఖర్చు పెట్టి దాన్ని ఎవరూ దించరు. తొమ్మిదైతే అది ఎవరి చేతికొస్తే వాళ్లదే ఆట. ఎనిమిదైతే సరిగ్గా సరిపోతుంది. కానీ అది శని అంకె అని చిత్తూరులో ఎవరో జాతకాలాయన చెప్పినప్పటి నుంచి మునివెంకటప్ప ఎనిమిదిని ఏ కార్డు మీదా పడనివ్వడు. తక్కిన పక్షులను జయరావు ఎలాగో సర్దాడు. ఇదొక్కటే కుదరడం లేదు. సాయంత్రం అయిదుకు అచ్చుకు పోవాలి.

"శని పట్టేది పక్షికి గదా సార్, మీకు కాదు గదా" అని పొద్దున ఒకసారి అడిగి చూశాడు. మునివెంకటప్ప నవ్వలేదు.

ముప్పై రెండో ఆటా గూడకొంగదే. గురవమ్మకు ఒళ్లు మండింది. ఆమెది పులికాట్ సరస్సు ఒడ్డు.

"ఇంత తిన్నెంక అది యాడ ఎగురుతుందన్నా? మా ఊర్లో సూడు, కడుపు బరువుకి నీళ్ల మీదే కూసోనుంటాది."

జయరావు పెన్సిలు ఆగింది. తొమ్మిదిని అలాగే ఉంచి కింద ఒక వాక్యం రాశాడు: గెలిచిన గూడకొంగ తర్వాతి వంతు కదలదు. మళ్లీ ఆడారు. ఈసారి కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. ఒకసారి నీటికాకి చేతిలో ఓడితే గురవమ్మ పకపకా నవ్వింది. ఇద్దరూ అన్నం మాట మరిచిపోయారు.

నాలుగున్నరకు మునివెంకటప్ప ప్రూఫు చూసి ఆ వాక్యం కొట్టేశాడు.

"తిని కదలని పక్షిని ఎవురు కొంటారప్పా? ఆడ మన ఫోన్ నంబరు ఎయ్యి."

జయరావు నంబరు వేశాడు. ఒక్కో అంకె వేలు పెట్టి సరిచూశాడు. తర్వాత లేచి, గడప దాటి ఎండలోకి వెళ్లిపోయాడు. టీకి పోతున్నాడనుకుంది గురవమ్మ. ఈ ఊళ్లో ఉత్త కాళ్లతో నడిచేవాణ్ణి ఎవరూ తిరిగి చూడరు. మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

గడప బయట, మెట్టు పక్కన అతని చెప్పులు అలాగే ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, ఎడమదాని తెగిన పట్టీకి కార్డుల కట్టలకు వేసే రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి.