మట్టి ఇవ్వని తల్లి

చనిపోయినవాళ్లకు మన మాట వినపడుతుందా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే, "నీకెందుకుమే ఆ సంగతి, కూర మాడతాండాది చూసుకో" అంటారని తెలుసు. మా ఇంట్లో దీను, అంటే మతం, సంగతులన్నీ ముందు గదిలో మాట్లాడుకునేవి. నాది వెనక గది. మధ్యలో ఒక పరదా.

నా పాప కరువు సంవత్సరంలో పోయింది. అప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. బాలింతగా నేనింకా గది దాటి బయటికి రాలేదు. ఒక పొద్దున పాలు పట్టబోతే నోరు తెరవలేదు. జైనాబీ అని పేరు పెట్టుకున్నాం. మా ఆయన షేక్షావలి, ఆయన చిన్నాయనలు కలిసి తెల్లగుడ్డలో చుట్టి ఎత్తుకుపోయారు. ఖబరస్తానుకు ఆడవాళ్లు పోకూడదు మా వైపు. తల్లయినా సరే. మగవాళ్లు తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నారు, అన్నం పెట్టమన్నారు. నా రవిక పాలతో తడిసిపోతోంది. ఆ తడిలోనే వడ్డించాను.

తర్వాత తిండి మానేశాను. మా అత్త లాలమ్మ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు పక్కన కూర్చుంది. "మేయ్ మదారమ్మా, పాపను యాడనో పెట్టిరనుకుంటాండావా? దర్గాలో వలీ కాళ్ల వైపు పెట్టించినా. లేసి ముద్ద తిను. చూపిస్తా," అంది.

ఊరి బయట ఆ దర్గా. అక్కడ సమాధిలో ఉన్న మహాత్ముణ్ణే వలీ అంటాం. లోపల వలీ సమాధి దగ్గరికి ఆడవాళ్లను పోనివ్వరు. బయట, కాళ్ల వైపు గోడ పక్కన ఒక చోటు చూపించింది. అప్పటి నుంచి ప్రతి బేస్తవారం అక్కడ కూర్చునేదాన్ని. "అడుగుమే, గట్టిగా అడుగు. వలీ అల్లాకు చెప్పి మగపిల్లోన్ని ఇప్పిస్తాడు," అని అత్త నా తల గోడకు ఆనించేది. నేను తల ఆనించి పాపతో మాట్లాడేదాన్ని. నీళ్లబాయి ఎండిపోయిందని, మీ నాయన నా గాజులు కుదువ పెట్టినాడని, ఈ రోజు ఎవరూ నన్ను తిన్నావా అని అడగలేదని. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. వలీ బరకతు అని అత్త ఊరంతా చక్కెర పంచింది. నేనసలు ఏమీ అడగలేదని ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన నంద్యాలలో పరుపుల అంగడి పెట్టాక అత్తతో సహా కాపురం అక్కడికి మారింది. దూది ఏకేది ఆయన, గలీబులు కుట్టేది నేను. అంగడి ఆయనది. బస్సెక్కి ఆళ్లగడ్డ పోవడం ఉరుసుకు, ఇంకా ఏ వంక దొరికితే ఆ వంకకు. నా బతుకులో నేను కుట్టకుండా, వండకుండా, కడగకుండా కూర్చునే చోటు అదొక్కటే.

పందొమ్మిది వందల ఎనభై దాటాక మా ఆయన దీను చెబుతూ తిరిగే జమాత్‌తో బయటి ఊళ్లు తిరిగొచ్చాడు. గడ్డం పెంచాడు. పిల్లల మెడలో దర్గా తాయెత్తులు కత్తెరతో తెంపాడు. తన పేరులో వలీ ఉంది, అది వద్దు, అబ్దుల్లా అని పిలవండి అన్నాడు. అంగడికొచ్చినవాళ్లు "షేక్షావన్నా, పరుపు ఎప్పుడిస్తావు?" అంటే మాత్రం ఠక్కున తిరిగి చూసేవాడు.

"చచ్చినోళ్లు వినరు. వాళ్లను అడిగేది షిర్కు, అల్లాకు ఇంకొకర్ని సాటి పెట్టినట్టు. ఇంగ ఆ దర్గా గడప తొక్కితే నా గడప తొక్కొద్దు," అన్నాడు ఒక రోజు. అంతకు ముందు మా అత్త, దర్గాకు రాకపోతే ఇంట్లో ఉండొద్దు అనేది. ఒకరు పొమ్మన్నారు, ఒకరు పోవద్దన్నారు. అక్కడ నాకేముందని ఇద్దరూ అడగలేదు. ఆయన మాట తప్పని కూడా నేను అనుకోలేదు. అడిగేది అల్లానే అడగాలి. నమాజులో ఆ మాట నాకు నిజంగానే అనిపించేది. కానీ నా సంగతి అడగడం కాదు కదా.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరు మనుషులు భోజనానికొచ్చారు. ఒకరు జమాత్ మౌల్వీ. ఇంకొకరు ఆళ్లగడ్డ దర్గా చూసుకునే బుడన్ సాబు, మా ఆయనకు వరసకు చిన్నాయన. నేను పొయ్యి దగ్గర, మాటలు పరదా అవతల.

"మిద్దె ఎక్కల్లంటే నిచ్చెన కావల్ల గదప్పా," అన్నాడు బుడన్ సాబు. "మేమేమన్నా వలీకి సజ్దా చేసి మొక్కుతాండామా? మా కోసం ఒక మాట చెప్పు సామీ అంటాండాము."

"మెడనరం కంటే దగ్గరుండానని అల్లానే చెప్పినాడు. పక్కనుండేవానితో మాట్లాడనీకి మధ్యవర్తి ఎందుకన్నా?" అన్నాడు మౌల్వీ.

"మరి నిన్ను నా కోసం దువా చెయ్యమంటే చేస్తావు గదా?"

"నేను బతికుండా."

"వలీలు చచ్చిపోతారా ఏందీ!"

గొంతులు లేచాయి. అన్నం చల్లారింది, మళ్లీ వేడి చేసిచ్చాను. చివరికి బుడన్ సాబు అలసిపోయి, "నువ్వేమన్నా చెప్పు, ఆడోళ్లను మాత్రం ఖబురుల కాడికి రానియ్యగూడదు. మేము దర్గాలో గుడ లోపలికి రానియ్యము," అన్నాడు. "ఆ మాట నిజం," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. వచ్చినప్పటి నుంచి వాళ్లకు కుదిరిన మాట అదొక్కటే.

"ఏమే, టీ!"

టీ గ్లాసులు పరదా కింద పెట్టాను. పెట్టినదాన్ని లేవలేదు. "మౌల్వీ హజ్రత్, ఒక మాట అడగల్లనుకుంటాండా. ఖబరస్తానులో అడుగు పెడతానే సలాము చెప్పమని పిల్లోళ్లకు నేర్పిస్తాండారు గదా. వినపడనోళ్లకు సలాము ఎందుకు?"

"అట్లడుగు తల్లీ!" అని బుడన్ సాబు తొడ చరిచాడు, తానే గెలిచినట్టు. మౌల్వీ మాత్రం మెల్లగా, "మంచి మాటే అడిగినావమ్మా. పెద్దోళ్లు గుడ దీని మీద తలా ఒక మాట చెప్పినారు. చదివి చెప్తా," అన్నాడు.

వాళ్లు పోయాక మా ఆయన పరదా లాగి లోపలికొచ్చాడు. "పరువు తీస్తివి గదే. ఆ దర్గా పిచ్చి నీకింకా పోల్యా!"

"నేను వలీని ఏమీ అడగల్యా. నా పాప కాడ కూర్చుంటాండా, అంతే."

"పాప యాడుంది ఆడ? ఖబరస్తానులో పెడితిమి గదా."

నా చేతిలో గ్లాసు కింద పెట్టాను. "ఖబరస్తానులో యాడ?"

ఆయన ఆలోచించాడు. ఏ మాట ఏ కితాబులో ఉందో తడుముకోకుండా చెప్పే మనిషి. "తూర్పు గోడ పక్కన పిల్లోళ్లవన్నీ ఉంటాయి. ఆడనే యాడనో. ఇన్నేండ్లకు ఎవరికి గుర్తుంటాది?"

మూలన కూర్చుని బియ్యం ఏరుతున్న అత్త చెయ్యి ఆగింది. ఆమె వైపు తిరిగాను. ఆమె నా మొహం చూడలేదు.

"అట్ల చెప్పకపోతే నువ్వు ముద్ద మింగుతాంటివా?" అంది. చాట పక్కకు నెట్టి, "నా బిడ్డలూ ఇద్దరుండారు ఆ గోడ పక్కన. మీ మామను అడిగితే చూసి ఏం చేస్తావు అన్నాడు. నేనూ ఎప్పుడూ చూళ్యా," అంది.

ఆమె మీద కోపం రావాలని చూశాను. రాలేదు. ఇన్నేళ్లు ఉట్టి గోడకు నా కష్టాలు చెప్పుకున్నాను. ఎవరూ లేని చోట కూర్చుని, నాకు ఒకరున్నారనుకున్నాను. ఆ సాయంత్రం గలీబులు కుడుతుంటే సూది వేలిలో దిగినా నొప్పి తెలియలేదు.

మర్నాడు పొద్దున మా ఆయనకు రొట్టె వడ్డించి చెప్పాను. "ఆళ్లగడ్డకు పోతాండా."

"దర్గాకా?"

"కాదు. ఖబరస్తానుకు."

ఆయన తలెత్తాడు. "ఆడోళ్లు..."

"ఎవరినీ ఏమీ అడగను. నా బిడ్డను బాగా చూసుకొమ్మని అల్లానే అడుగుతా. మీరందరూ మట్టి ఇచ్చినారు. దోవన పోయేవాడు గుడ ఇచ్చిపోయినాడు. నేనియ్యల్యా."

పాతిపెట్టేటప్పుడు ఒక్కొక్కరు మూడేసి పిడికిళ్ల మట్టి వేయడాన్ని మేము మట్టి ఇవ్వడం అంటాం. చనిపోయినవాళ్లకు బతికున్నవాళ్లు బాకీ ఉన్నది అదొక్కటే అని ఆయనే పిల్లలకు చెప్పేవాడు. ఇప్పుడు రొట్టె తుంచి చేతిలో పెట్టుకున్నాడు కానీ తినలేదు. పోవద్దనీ అనలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే అత్త వెనక నుంచి, "నా వంతు గుడ వెయ్ మే," అంది.

ఖబరస్తాను గేటుకు తాళం లేదు. ఇన్నేళ్లూ తాళం లేదేమో. సలాము చెప్పి లోపలికి వెళ్లాను. తూర్పు గోడ పక్కన జిల్లేళ్ల మధ్య చిన్న చిన్న దిబ్బలు. కొన్ని కుంగిపోయి నేలలో కలిసిపోతున్నాయి. దేనికీ రాయి లేదు, గుర్తు లేదు. జైనాబీ అని పిలవబోయి ఊరుకున్నాను. ఏది నా బిడ్డో పుట్టించినవాడికి తెలుసు, దువా ఆయనకే చేశాను.

నల్లరేగడి ఎండి రాయిలా ఉంది. గోళ్లతో పెళ్లగించాను. బిస్మిల్లా అని మొదటి దిబ్బ మీద మూడు పిడికిళ్లు వేశాను. రెండో దాని మీద మూడు. పక్కదాని మీద మూడు. గోళ్లు చీలాయి, కొంగుతో వేళ్లు తుడుచుకున్నాను. ఎండ నడినెత్తికొచ్చేసరికి గోడ చివరిదాకా ఏ దిబ్బనూ వదలకుండా మట్టి ఇచ్చాను. వాటిలో ఒకటి నా పాపది. రెండు మా అత్తవి. మిగిలినవి ఏ తల్లులవో, వాళ్ల బాకీ కూడా తీర్చాను.