సీసాలో మసక, సబ్బుబిళ్ళ మీద నింద

ఆ ల్యాబులో అందరూ ఆమెని సబ్బుబిళ్ళ అనేవారు. చేతులు కడగడమంటే ఆమెది మామూలు కడగడం కాదు మరి. మోచేతుల దాకా రుద్ది రుద్ది, ఆ అరచేతుల్లో చూసుకుని ఎవరైనా తల దువ్వుకోవచ్చన్నంతగా తళతళలాడించేది. గాలిలో తిరిగే క్రిములు గుమ్మం దాకా వచ్చి, "అమ్మో, ఇవాళ డ్యూటీ ఈవిడదా!" అని వెనక్కి తిరిగి పోయేవట.

ఆమె పెంచేది టేకు మొక్కల్ని. మట్టిలో కాదు, గాజు సీసాల్లో. వడగట్టిన గాలి వీచే పెట్టె ముందు కూర్చుని, లేత టేకు కాడని బ్లేడుతో ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ ఆహారం కలిపిన జెల్లీలో గుచ్చేది. అది చిగురిస్తే మళ్ళీ కోసేది, మళ్ళీ గుచ్చేది. అలా ఒక్క కొమ్మ నుంచి అడవంత మొక్కలు. ల్యాబు ఆమె వదినది. పెద్ద చదువులు చదివిన మనిషి. సీసాల్నీ జెల్లీనీ ఉడకబెట్టే ఆటోక్లేవు, అంటే మనిషంత ప్రెషర్ కుక్కరు, అన్నయ్య చేతిలో ఉండేది.

ఒకరోజు పొద్దున్నే అరల ముందు నిలబడి వదిన గావుకేక పెట్టింది. సీసాల్లో కాడల మొదట్లో, పాలు ఒలికినట్టు తెల్లటి మసక.

"బ్యాక్టీరియా! ఎవరు కోశారివి?"

"నేనే వదినా."

"చేతులు కడుక్కునే కోశావా?"

సూర్యుణ్ణి పట్టుకుని లైటు వేశావా అని అడిగినట్టుంది. పనివాళ్ళంతా నోళ్ళు తెరిచేశారు.

"ఇక నువ్వు కోతకి కూర్చోవద్దు. సింకు దగ్గర సీసాలు కడుగు," అని అందరి ముందూ అనేసింది వదిన.

సబ్బుబిళ్ళకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకి సింకులో చన్నీళ్ళ కుళాయి నుంచి వేణ్ణీళ్ళు వచ్చాయంటే నమ్మండి. ఇన్నేళ్ళుగా చేతుల తోలు ఊడేలా కడిగింది ఈ మాట పడడానికా?

అన్నయ్య మెల్లగా చేరాడు. "పోనీలేవే, నాలుగు రోజులైతే మీ వదినే చల్లబడుతుంది."

"నువ్వా కుక్కరు దగ్గరే ఉండన్నయ్యా. ఇంత ఆవిరి మీద పనిచేస్తావు, పెళ్ళాం ముందు మాత్రం నీకు విజిల్ రాదు!"

చీర కొంగుకి చేతులు తుడుచుకుని తిన్నగా వదిన గదిలోకి వెళ్ళింది. "తప్పు నా చేతులదైతే, ఈసారి నీ చేతులతో నువ్వే కొయ్యి."

వదిన కోసింది. తొడుగులు వేసుకుని, కాడని బ్లీచింగు నీళ్ళలో ముంచి, బ్లేడుని మంటలో ఎర్రగా కాల్చి మరీ కోసింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే మసక.

"నువ్వా కోత గదిలో ఊపిరి వదిలావు," అంది వదిన.

"అయితే ఈసారి నా ఊపిరి కూడా నీకు దొరకదు పో!"

వదిన మళ్ళీ కోస్తున్నంతసేపూ సబ్బుబిళ్ళ రోడ్డవతల బస్టాపులో కూర్చుని, ఎక్కని బస్సులన్నిటినీ ఆపి పంపించేసింది. అయినా మసక వచ్చింది. ముక్క గుచ్చకుండా వదిన పక్కన పెట్టిన ఉత్త జెల్లీ సీసాలు మాత్రం తేటగా మెరుస్తున్నాయి.

"ఇప్పుడెవరి చేతులంటావు వదినా? బస్సు డ్రైవరువా?"

వదిన మసక పట్టిన సీసా ఒకటి తెరిచింది. కాడని ఉల్లిపొర కన్నా పల్చగా చీరి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తలెత్తలేదు.

"ఇలా వచ్చి చూడు."

సబ్బుబిళ్ళ కన్ను ఆనించింది. కాడ లోపల, కణానికీ కణానికీ మధ్య సందుల్లో, బుల్లి బుల్లి చుక్కలు సినిమా హాలు గేటు దగ్గర జనంలా కిటకిటలాడుతున్నాయి.

"ఇవి బయటి నుంచి వచ్చినవి కావు," అంది వదిన. "కొమ్మ తెచ్చినప్పుడే చెట్టు లోపల ఉన్నాయి. పైపైన ఎంత కడిగినా వీటికి తడి కూడా తగలదు."

"మరి ఇన్నాళ్ళూ ఏ మూల పడుకున్నాయట?"

వదిన గొంతు సన్నబడింది. "మొక్కలు బలంగా వస్తాయని ఈమధ్య జెల్లీలో ఈస్టు సారం కలుపుతున్నాను. మొక్కకి పెట్టిన తిండి వీటికి పండగైపోయింది. లోపల గుట్టుగా ఉన్నవి బయటికొచ్చి పెరిగాయి."

"అంటే, విందు పెట్టింది నువ్వు, ఎంగిలి నాకంటించావు!"

"సరే, తప్పు నాదే. రేపట్నుంచి నీ కుర్చీలో నువ్వే కూర్చో," అని వదిన గొణిగింది.

"ఈ గదిలో గొణిగితే కుదరదు. నన్ను అన్నది ఇక్కడా?"

వదిన హాల్లోకి నడిచింది. అందరూ పని ఆపి చూశారు. సింకులో కుళాయి ధారగా పడుతోంది. "సీసాల్లో మసక దీని చేతుల వల్ల రాలేదు, నా వల్లే వచ్చింది," అని ఆ చప్పుడులో గబగబా కలిపేసింది వదిన.

సబ్బుబిళ్ళ వెళ్ళి కుళాయి కట్టేసింది.

"ఇప్పుడు చెప్పు వదినా."

వదిన చెప్పింది. ఈసారి వెనక అరల దాకా వినపడింది. ఆటోక్లేవు పక్కన అన్నయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని విజిల్ వేశాడు.