ఈత పరీక్ష

ప్రభుత్వ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి బియున్ బుట్టలో సగం ఆల్చిప్పలు ఇంకా ఒలవాల్సే ఉన్నాయి. చేతి తొడుగులు విప్పి, అరిగిన చిన్న కత్తిని పీట కింద పెట్టి లేచింది. బుదై రేవులో ఈ షెడ్డులో కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. నడుము మాత్రం అంతకంటే ఎక్కువ లెక్కే చెబుతోంది.

పిలుపు తక్కువ ఆదాయం కార్డు గురించి. అందరికీ ఆరోగ్య బీమా ఉంది గానీ మందుల్లో కొంత వాటా రోగే కట్టాలి. ఆ కార్డు ఉన్నవాళ్ళు కట్టనక్కర్లేదు. భర్త కున్‌షాన్ గుండె మందులు ఇన్నాళ్ళూ దాని మీదే నడుస్తున్నాయి. మూడేళ్ళ కిందట ఏదో కాగితం ఆలస్యమై కార్డు రెండు నెలలు ఆగింది. ఆ రెండు నెలలూ ఆమె అతనికి తెలియకుండా మాత్రలు రోజు విడిచి రోజు ఇచ్చింది. కాళ్ళకు నీరు పట్టి, ఊపిరాడక, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అది తన వల్లేనని ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో కార్డుల పని చూసే సూ కుర్చీ చూపించాడు. మొహమాటంగా ఉన్నాడు.

"మీ అమ్మాయి ఈ జూన్‌లో డిగ్రీ పూర్తి చేస్తుంది కదా పిన్నిగారూ."

"అవును బాబూ. ఉద్యోగం ఇంకా రాలేదు."

"మీకు రాలేదు. రూల్సులో వచ్చేసినట్టే."

చదువు ముగించిన మనిషి పని చేసినా చేయకపోయినా కనీస జీతం తెస్తున్నట్టే రాసుకుంటారని అతను వివరించాడు. ఆ జీతం కలిపితే ఇంటి ఆదాయం గీత దాటుతుంది, కార్డు పోతుంది. చదువుతున్నంత కాలం మాత్రం ఆ లెక్క ఉండదు. చివర్లో గొంతు తగ్గించి, చాలామంది పిల్లలు ఉద్యోగం దొరికేదాకా ఒక సబ్జెక్టు కావాలనే తప్పుతారని, ఆ మాట తను అన్నట్టు ఎక్కడా అనొద్దని చెప్పాడు.

బియున్ తిరిగొచ్చి మళ్ళీ కత్తి పట్టుకుంది. పక్క పీట మీది ఆలియెన్ వదిన ఊరుకోలేదు. బియున్ వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఆమె కూతురు పిన్‌రోంగ్. పిల్ల గట్టెక్కితే సముద్రమ్మ గుడిలో తాబేలు ఆకారపు ఎర్ర పిండివంటలు పంచుతానని బియున్ మొక్కుకున్న సంగతి షెడ్డంతటికీ తెలుసు.

"నా వాటా రెండు. ముందే చెబుతున్నా," అంది ఆలియెన్.

"నీ పళ్ళకు ఒకటే ఎక్కువ వదినా," అంది బియున్, తలెత్తకుండా.

శనివారం కూతురు వస్తుంది. ఎలా అడగాలి? నాలుగేళ్ళు హాస్టల్లో ఉడకబెట్టిన సేమ్యా తిని చదివిన పిల్లతో పరీక్ష తప్పమని ఏ తల్లి చెబుతుంది? బియున్ ఆ మాటను రోజూ బుట్టెడు సార్లు కూర్చుకుంది, బుట్టెడు సార్లు చెరిపేసింది.

శనివారం షెడ్డు నుంచి ఇల్లు చేరేసరికి లోపల కున్‌షాన్ ఆయాసంతోనే అరుస్తున్నాడు.

"విన్నావా? నీ కూతురు ఈతలో తప్పిందట. ఈతలో!"

యూనివర్సిటీలో ఈత పరీక్ష నెగ్గందే పట్టా ఇవ్వరు. యాభై మీటర్లు. పిన్‌రోంగ్ ఆరో ఏటే నాన్న తెప్ప నుంచి గట్టుదాకా ఈదింది.

"సగం దూరం వెళ్ళాక కాలు పట్టేసింది నాన్నా," అంటోంది కూతురు, గోడ వైపు చూస్తూ. "వచ్చే టర్మ్ మళ్ళీ రాస్తాను."

"ఈత రాసేదేమిటే?"

వంటగదిలో బియున్ పొయ్యి వెలిగించలేదు. ఆ సలహా సూ ఇచ్చాడా అని కూతుర్ని అడిగింది. తనకు ఎవరూ చెప్పలేదంది పిన్‌రోంగ్. హాస్టల్లో ఇలాంటి ఇళ్ళ పిల్లలు ఇంకా ఇద్దరున్నారట. ఒకడు చెస్ సబ్జెక్టులో తప్పాడట.

"నేను అడుగుదామనుకున్నాను," అంది బియున్.

"తెలుసమ్మా. నువ్వు అడగకముందే చేసేద్దామనుకున్నా." బియ్యం గిన్నె అమ్మ ముందుకు జరిపింది. "అప్పుడు కార్డు ఆగినప్పుడు మాత్రలు నువ్వెలా సర్దావో కూడా తెలుసు. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టాను."

బియున్‌కి గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది. ఆ రెండిట్లో దేనికీ ఏడ్చే ఓపిక లేక బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఆలియెన్‌కి పిండివంటలు ఆర్నెల్లు ఆగుతాయని చెప్పాలి. రేపటికి పిల్ల ఈత కథ రేవంతా పాకుతుంది. నవ్వుకోనీ.

భోజనం అయ్యాక రేకు నుంచి మాత్రలు ఒక్కొక్కటే అరచేతిలోకి నొక్కింది. తెల్లవి రెండు, పసుపుది ఒకటి, నీరు లాగే చిన్నది ఒకటి. ఒక్కటీ తగ్గలేదు. కున్‌షాన్ అన్నీ ఒకేసారి నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఇటు రా. భుజం ఎక్కడ తప్పుతోందో చూద్దాం."

కూర్చున్నచోటే రెండు చేతులూ చాచి, గాలిని వెనక్కి తోసి చూపించాడు. రెండు బార్లకే ఆయాసం వచ్చింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. పిన్‌రోంగ్ అతని ఎదురుగా నిలబడి, ఏమీ రానిదానిలా చేతులు వంకరగా ఆడించింది.

"మోచేయి పైకి," అన్నాడు కున్‌షాన్. "అలా కాదు. మళ్ళీ."